ముందు ఇంటి మాట, తర్వాత పుస్తకం మాట: కోనసీమ పిల్లలకు భూగోళం

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి, అమలాపురం దగ్గర పల్లె. ప్రకృతి వైపరీత్యాలు, ఆవరణ వ్యవస్థలు అనే పాఠాలు ఎన్నిసార్లు చదివినా పరీక్ష హాల్లో గుర్తు రావడం లేదని, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని, ఎలా చదివించాలో చెప్పమని అడిగారు. నేను పదిహేడేళ్లుగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. పుట్టి పెరిగింది ముమ్మిడివరం వైపు. మీ అబ్బాయి పడుతున్న ఇబ్బంది ఒకప్పుడు నేనూ పడ్డాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మన పిల్లలకు విషయం తెలియక కాదు. వాళ్లకు తెలిసిన పేరు ఒకటి, పుస్తకంలో ఉన్న పేరు ఇంకొకటి. ఒకసారి క్లాసులో "నిక్షేపణ అంటే ఏమిటి?" అని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. "వరద తీశాక మీ లంక పొలంలో ఏం మిగులుతుంది?" అన్నాను. "మేట సార్" అని సగం క్లాసు ఒకేసారి అరిచింది. (లంక అంటే నది మధ్య తేలిన నేల.) ఇసుక మేటయితే నష్టమనీ, ఒండ్రు మేటయితే ఆ ఏడు కూరగాయలు బాగా కాస్తాయనీ ఒక పిల్ల లేచి చెప్పింది. నిక్షేపణ గురించి అంతకంటే మంచి జవాబు ఏ గైడులోనూ నాకు కనబడలేదు.

కాబట్టి మొదటి పని ఇది. ఒక నోట్‌బుక్కులో ఎడమ పక్క ఇంటి మాటలు, కుడి పక్క పుస్తకం మాటలు రాయించండి. కోత అంటే క్రమక్షయం. మేట అంటే నిక్షేపణ. పాయ అంటే నదీ శాఖ. మొగ అంటే నదీ ముఖద్వారం. పోటు, పాటు అంటే వేలా తరంగాలు. పర్ర అంటే ఉప్పునీటి చిత్తడి నేల. తాతయ్య, నాయనమ్మ ఉంటే ఎడమ పక్క వాళ్ల చేత నింపించండి. నేను ఇది మొదలుపెట్టాక క్లాసులో వెనక బెంచీల పిల్లలు కూడా నోరు విప్పారు.

ఇక తుఫాను. 1996 నవంబర్ 6. నాకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. సాయంత్రం నుంచి ఉత్తరపు గాలి. చీకటి పడేసరికి మా పెంకుటింటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోవడం మొదలైంది. నాయనమ్మ మమ్మల్ని నలుగురినీ గాదె పక్కకు చేర్చి దుప్పటి కప్పింది. రాత్రి ఒక వేళ గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. అయిపోయిందనుకుని నాన్న లాంతరు పట్టుకుని పశువుల పాక వైపు బయల్దేరితే నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగరా, ఇది సగమే. ఇంకో సగం దక్షిణం నుంచి వస్తుంది" అంది. వచ్చింది. ఆ పాక పడిపోయింది. నాన్న అప్పుడు లోపల ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

తెల్లారాక తోటలోకి వెళితే కొబ్బరిచెట్లు రెండు దిక్కులకు పడి ఉన్నాయి. కింద ఉన్నవాటి తలలు దక్షిణానికి, వాటి మీద పడ్డవాటి తలలు ఉత్తరానికి. తర్వాత పరీక్షలో చక్రవాతం, అంటే పుస్తకం మాటలో తుఫాను, దాని నిర్వచనం తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ ఆ నిర్వచనానికీ మా తోటలో పడిన చెట్లకూ సంబంధం ఉందని తట్టలేదు. డిగ్రీలో ఉపగ్రహ చిత్రంలో తుఫాను కన్ను చూపించినప్పుడు, ఆ రాత్రి గాలి ఆగిన ఆ కాసేపూ మేం ఆ కంటి కింద ఉన్నామని అర్థమైంది. మా నాయనమ్మకు ఆ విషయం ఏ బొమ్మా లేకుండానే తెలుసు.

మీ అబ్బాయికి దీన్ని ఇలా చూపించండి. ఒక కాగితం మీద కోనసీమ తీరం గీయించండి. ఇంకో పల్చటి కాగితం మీద మధ్యలో చిన్న చిల్లు పెట్టి, చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా బాణాలు గీయించండి. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి అలాగే తిరుగుతుంది. ఆ కాగితాన్ని సముద్రం మీద నుంచి పడమరకు మెల్లగా జరపమనండి. కన్ను రాకముందు ఊరి మీద బాణం ఉత్తరం నుంచి, కన్ను దాటాక దక్షిణం నుంచి కనిపిస్తుంది. ఇంకొకటి కూడా వాడే కనిపెడతాడు. కంటికి ఉత్తరాన ఉన్న తీరంలో గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, దక్షిణాన ఉన్న తీరంలో నీళ్లను వెనక్కి తోస్తుంది. తుఫాను ఒకటే అయినా ఉప్పెన ఒక పక్కే ఎక్కువగా రావడానికి కారణం అదే. 1996లో తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. గోదావరి పాయ గౌతమి మొగ దగ్గరి మత్స్యకార గ్రామాల్లో ఆ ఏడుపు మేం విన్నాం.

ఉప్పెన ఎత్తు గురించి పిల్లలు ఒక తప్పు రాస్తుంటారు, గాలి పీడనం తగ్గడం వల్లే సముద్రం లేస్తుందని. అది కొంతవరకే నిజం. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 50 మిల్లీబార్లు తగ్గినా లేచేది అరమీటరే. మిగతా ఎత్తు గాలి తోసినది, మన తీరంలో సముద్రం లోతు తక్కువ కావడంతో పోగుపడినది. అదే సమయానికి పోటు కూడా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. సునామీ వేరు. 2004 డిసెంబర్ 26న వచ్చింది సుమత్రా దగ్గర సముద్రం అడుగున కంపించిన భూమి వల్ల. మన వాళ్లు రెండింటినీ ఉప్పెన అనడం వల్ల పిల్లలు కలిపేస్తారు, ఇది తప్పక విడదీసి చెప్పండి.

ఈ పాఠంలో మన వైపు ఊరి కథ కూడా ఉంది. 1839 నవంబర్ ఉప్పెన కాకినాడ దగ్గరి కోరంగి (కోరింగ) రేవును దెబ్బతీసింది. అప్పట్లో అది ఓడలు కట్టే పెద్ద రేవు. కలకత్తాలో ఉండి ఆ తుఫాను గురించి వివరాలు సేకరించి రాసిన హెన్రీ పిడింగ్టన్‌ అనే ఆయనే తర్వాత 'సైక్లోన్' అనే మాట పుట్టించాడు, పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి. ఇది చెబితే పిల్లల కళ్లు వెలుగుతాయి, నిర్వచనం ఇక మరిచిపోరు.

వరదకు వస్తే, ఇక్కడ ఎండ కాస్తున్నా గోదావరి ఎందుకు పొంగుతుందో అడగండి. 1,465 కిలోమీటర్ల నది. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌లలో పడిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అనే ఉపనదుల ద్వారా చేరుతుంది. భద్రాచలంలో పెరిగిన నీరు కింద ఆనకట్ట ఉన్న ధవళేశ్వరానికి ఇంచుమించు ఒక రోజులో వస్తుంది. టీవీలో మొదటి ప్రమాద హెచ్చరిక అని వినగానే లెక్క కట్టించండి. ధవళేశ్వరంలో అది 11.75 అడుగుల దగ్గర, 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి ఇస్తారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. అంటే సెకనుకు రెండు కోట్ల ఎనభై లక్షల లీటర్లు! 1986 ఆగస్టులో వచ్చింది దానికి మూడు రెట్లు దాటింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు మా బంధువులు లంక నుంచి ఏటిగట్టు మీదికి వచ్చి టార్పాలిన్ల కింద గడిపారు. గేదెలు కూడా అక్కడే. మా బళ్లో పిల్లలు కొందరు పుస్తకాలు పోగొట్టుకున్నారు. ఆ పిల్లలకు వరద నష్టాల గురించి నేను చెప్పేదేముంది, వాళ్ల చేతే చెప్పించి బోర్డు మీద రాశాను.

ఇక్కడ మాత్రం ఒక్క క్షణం ఆగి, వరదను నష్టం కింద మాత్రమే రాయించకండి. అసలు ఈ డెల్టా వరద కట్టినదే. దక్కను పీఠభూమి నల్లమట్టినీ, కొండల ఎర్రమట్టినీ నది మోసుకొస్తుంది. పాపికొండలు దాటి మైదానానికి వచ్చాక వేగం తగ్గి దించేస్తుంది. లంకలు అలా పుట్టాయి. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా గత రెండు శతాబ్దాల్లో అలా పేరుకున్న ఇసుకే. మొగ దగ్గర పడిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుపోయి పొడవాటి దిబ్బగా పేర్చాయి. ఇప్పుడు ఆ దిబ్బే కాకినాడ రేవుకు అలల నుంచి అడ్డు. పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో ఇక్కడికి చేరేది తగ్గింది. అంతర్వేది వైపు సముద్రం ముందుకు రావడానికి ఇది ఒక కారణం. వైపరీత్యం పాఠం, ఆవరణ వ్యవస్థ పాఠం కలిసేది ఇక్కడే. అందుకే ఈ రెండూ వేర్వేరు రోజుల్లో చదివించవద్దని నా గట్టి అభిప్రాయం.

ఆ ఒండ్రు మీదే, ఉప్పునీళ్లలో పెరిగే మడ అడవి మొలుస్తుంది. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. మడచెట్టు ఆకులు రాలి కుళ్లి, ఆ ముక్కలు పీతలకు, రొయ్య పిల్లలకు తిండి అవుతాయి. వాటిని చేపలు, చేపలను కొంగలు, నీటికుక్కలు, బావురుపిల్లులు తింటాయి. ఆహారపు గొలుసు అంటే పుస్తకంలో గడ్డి, జింక, పులి ఉంటాయి, మన పిల్లలు చూడని పులి! దాని బదులు వాళ్లు తినే రొయ్యను రాయించండి. పులసను కూడా. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు, వరద ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ఇంకా ముఖ్యం, మడ వేర్లు, కొమ్మలు అలల బలాన్ని చాలావరకు విరుస్తాయి. మడ నరికి చెరువులు తవ్విన చోట ఆ అడ్డు ఉండదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు గొంతు కొంచెం గట్టిగానే వస్తుంది.

పరీక్ష విషయం క్లుప్తంగా. పేపర్లు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను, నిర్వచనం ఒక వాక్యం, కారణం ఎలా పని చేస్తుందో చూపే బొమ్మ, సొంత ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ, ఈ మూడూ ఉన్న జవాబు వేరుగా కనిపిస్తుంది. మ్యాపులో ధవళేశ్వరం, గౌతమి, వసిష్ఠ, వైనతేయ గుర్తించడం చూడకుండా రావాలి.

ఒక ఆదివారం కాకినాడ దగ్గరి కోరింగకు తీసుకెళ్లండి. అడవిలో చెక్క వంతెన ఉంది. పాటు వేళకు చేరాలి, అప్పుడే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు కనిపిస్తాయి. పోటులో అవి మునిగిపోతాయి. వేళ తెలియకపోతే ఎవరైనా చేపల వేటగాణ్ణి అడగండి, తిథి చూసి చెప్పేస్తాడు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా తీస్తుంది, అష్టమికి అంత తీయదు. ఎందుకో అబ్బాయిని ఆలోచించమనండి, చంద్రుడి పాఠం కూడా అయిపోతుంది. వెళ్లే ముందు ఒక ప్రశ్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకోమనండి: ఉప్పునీళ్లలో నిలబడిన తెల్లమడ ఆ ఉప్పును ఏం చేస్తుంది? అక్కడ ఆకు తెంపకుండా వేలితో తడిమి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంటే తెలుస్తుంది.