పట్టా మీకే ఉంటుందంటూ కరకట్టకు సమ్మతి కాగితం అడిగితే

ప్రశ్న: మాది అలంపూర్ దిక్కు, తుంగభద్ర ఒడ్డు ఊరు. నాన్న పేరు మీద 3 ఎకరాల 12 గుంటల నల్లరేగడి చేను ఉంది, సీడ్ పత్తి వేస్తాం. నాన్న నాలుగేళ్ల కింద చనిపోయారు. నేను, తమ్ముడు నోటి మాట మీద పంచుకుని సాగు చేసుకుంటున్నాం. ఇప్పుడు వరద కరకట్ట కోసమని మా చేను నడుమ 150 మీటర్ల పొడవున జెండాలు పాతారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "కరకట్ట నిర్మాణం, నిర్వహణ నిమిత్తం నా భూమిని వాడుకొనుటకు అభ్యంతరం లేదు" అని రాసుకొచ్చి సంతకం అడుగుతున్నారు. పట్టా మీకే ఉంటుంది, పంట నష్టం ఇస్తాం అంటున్నారు. నదివైపు 30 గుంటలు, ఒడ్డు మోటారు కట్ట అవతల పడతాయి. సంతకం పెట్టవచ్చా?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. కరకట్ట వద్దని కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర రాజోలిని, అలంపూర్‌ను ఎట్లా ముంచిందో ఆ ఒడ్డువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కట్ట రావాలి. కానీ మీ చేను మీద కట్ట, మీ చేతిలో పట్టా, ఖాతాలో మాత్రం ఒక్క పంట నష్టం అంటే ఆ కట్ట ఖర్చులో పెద్ద వాటా మీ ఇంటి మీదే పడ్డట్టు. కట్ట కింద పోయిన గుంటల్లో పత్తి పండదు, సాగుకు పనికిరాని భూమికి రైతు భరోసా కూడా రాదు. అమ్ముకుందామంటే కొనేవాడు ఉండడు. పట్టా ఉండి ఏం లాభం?

చట్టం దీన్ని ఎట్లా చూస్తుందో చెబుతాను. పట్టా మీది, వాడకం వాళ్లది అంటే ముందు గుర్తొచ్చేది ఈజ్‌మెంట్. ఈజ్‌మెంట్ అంటే ఒక భూమి యజమాని తన భూమి అనుభవం కోసం పక్కవాడి భూమి మీద పొందే పరిమిత హక్కు; బాట, కాలువ లాంటివి. 1882 ఈజ్‌మెంట్ చట్టం సెక్షన్ 4 చెప్పేది ఇదే. మీ కాగితంలో సర్వే నంబరు హద్దులు లేవు, వెడల్పు లేదు, ప్రతిఫలం లేదు, రిజిస్ట్రేషన్ లేదు. వంద రూపాయలు, అంతకుమించిన విలువ గల స్థిరాస్తి హక్కు సృష్టించే పత్రం రిజిస్టర్ కావాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 అంటుంది. కాబట్టి ఈ కాగితంతో వాళ్లకు భూమి మీద హక్కు పుట్టదు, మహా అయితే అది ఒట్టి అనుమతి, అంటే లైసెన్స్ అవుతుంది.

ఒట్టి అనుమతే కదా, రేపు రద్దు చేసుకుందామనుకుంటే ఇరుక్కుంటారు. అనుమతిని నమ్ముకుని ఎదుటివాళ్లు ఖర్చు పెట్టి శాశ్వత కట్టడం కడితే, ఇచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకోలేడని 1882 ఈజ్‌మెంట్ చట్టం సెక్షన్ 60 చెబుతోంది. వేల టిప్పర్ల మట్టి పోసి కట్టిన కట్ట శాశ్వత కట్టడం కాదని ఏ కోర్టులోనూ వాదించలేరు. సంతకం పెట్టకపోయినా, జేసీబీ దిగినప్పుడు గట్టు మీద నిలబడి ఊరుకుంటే "నోటితో ఒప్పుకున్నారు" అంటారు. హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో రోడ్డు కింద భూమి పోయిన ఒక వృద్ధురాలి కేసులో ప్రభుత్వం ఇదే మాట అంటే, 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసి పరిహారం ఇమ్మంది. గెలిచింది నిజమే, కానీ అర్ధ శతాబ్దం తర్వాత. అందుకే ఈ వారమే కలెక్టరుకు, ఆర్డీవోకు, పని చేయిస్తున్న ఇంజినీరుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి: కట్టకు వ్యతిరేకం కాదు, చట్ట ప్రకారం సేకరించి పరిహారం చెల్లించేదాకా పనికి సమ్మతి లేదు. రెండు వాక్యాలు చాలు. రసీదులు దాచుకోండి.

తర్వాత డ్రాయింగ్ అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కట్ట అడుగు ఎంత వెడల్పో తెలియకుండా మాట్లాడటం దండగ. ఎత్తు 4 మీటర్లు, పైన 5 మీటర్ల బాట, నదివైపు వాలు 1:2 (మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వెడల్పు), చేనువైపు 1:3 అనుకోండి. కట్ట అడుగుభాగం వెడల్పు 5, 8, 12 కలిపి 25 మీటర్లు. మీ 150 మీటర్ల పొడవున 37 గుంటలు. అటూ ఇటూ 5 మీటర్ల చొప్పున నిర్వహణ బాట వదిలితే దాదాపు 52 గుంటలు, అంటే ఎకరం 12 గుంటలు. జెండాలు పాతింది కట్ట మధ్యగీతకు మాత్రమే కావచ్చు. "కట్ట మేర" అని రాసిన కాగితంలో ఈ 15 గుంటల తేడా ఎప్పుడూ కనబడదు.

ఈ ఎకరం 12 గుంటలకు 2013 భూసేకరణ చట్టం కింద సేకరణే సరైన దారి. అందులో రెండు తోవలున్నాయి. తెలంగాణ సవరణతో వచ్చిన సెక్షన్ 30ఎ కింద ధర మాట్లాడుకుని అమ్మకపు ఒప్పందం ఒకటి. త్వరగా తేలుతుంది కానీ, ఒప్పుకున్నాక ఇంకా కావాలంటే దాదాపు కుదరదు. రెండోది నోటిఫికేషన్ తోవ: సెక్షన్ 11 తొలి ప్రకటన, 60 రోజుల్లో సెక్షన్ 15 అభ్యంతరాలు, ఏడాదిలోపు సెక్షన్ 19 డిక్లరేషన్ (తుది ప్రకటన), ఆపైన ఏడాదిలోపు అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు. ఈ తోవలో ఎంత వస్తుందో లెక్కేసుకున్నాకే 30ఎ ధర మీద కూర్చోండి.

లెక్క ఇట్లా. రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల మూడేళ్ల అమ్మకపు దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగం వాటి సరాసరి, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అదే మార్కెట్ విలువ. పల్లె భూమికి దాన్ని ప్రభుత్వం ప్రకటించిన గుణకంతో, 1 నుంచి 2 దాకా, హెచ్చవేస్తారు. ఎకరం 10 లక్షలు, గుణకం 1.5 అనుకుంటే 15 లక్షలు. బోరు, పైపులు, చెట్లు లక్ష అయితే 16. దాని మీద నూరు శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము) కలిపి 32 లక్షలు. నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. సెక్షన్ 96 ప్రకారం దీని మీద ఆదాయపు పన్ను లేదు. పాత దస్తావేజుల నకళ్లు మీరే తీసి ఇవ్వండి, అధికారి వెతికి పెడతాడని కూర్చోకండి. డబ్బు పూర్తిగా చెల్లించాకే స్వాధీనమని సెక్షన్ 38 చెబుతుంది.

పరిమిత వాడకం ఒక్కచోట నిజంగా తగినది: పని జరిగేటప్పుడు మట్టి తీయడానికి, టిప్పర్లు తిరగడానికి అడిగే జాగా. సెక్షన్ 81 కింద మూడేళ్లు మించకుండా తాత్కాలికంగా తీసుకోవచ్చు, అద్దె కట్టాలి, సెక్షన్ 82 ప్రకారం గడువు తీరాక పాడైనదానికి పరిహారమిచ్చి భూమిని తిరిగి అప్పగించాలి. భూమి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, మీరు కోరితే కొనాల్సిందే. ఈ ఒప్పందంలో ఎన్ని గుంటలు, ఎంత లోతు, పై అడుగు మందం మట్టి పక్కకు తీసి పెట్టి చివర మళ్లీ పరచడం, అప్పగించే తేదీ తప్పక ఉండాలి. మీటరు లోతు తీస్తే గుంటకు వంద క్యూబిక్ మీటర్ల మట్టి పోతుంది. రేగడి చేనుకు పై పొరే ప్రాణం. అది కట్టలోకి పోతే గుంతలో మిగిలేది పత్తికి ఎన్నేళ్లకూ అక్కరకు రాదు.

నదివైపు 30 గుంటల సంగతి చాలామంది మరిచేది. కట్ట వచ్చాక వరద ఆ ఇరుకులోనే ఎత్తుగా నిలుస్తుంది, ఒరుసుకు పోతుంది. మిగిలిన భూమి విడిపోవడం వల్ల, దెబ్బతినడం వల్ల కలిగే నష్టాన్ని సెక్షన్ 28 కింద అడగవచ్చు. నా సలహా అయితే ఆ 30 గుంటలనూ కలిపి సేకరించమని అభ్యంతరాల్లోనే రాయండి. వద్దు, ఉంచుకుంటామంటే కట్ట ఎక్కి దిగే ర్యాంపు ఎక్కడో డ్రాయింగ్‌లో గుర్తింపచేయండి. ఒడ్డు మోటారు పైపుకు తొడుగు గొట్టం కట్ట కట్టేటప్పుడే వేయించాలి. తర్వాత కట్ట తవ్వనివ్వరు, అది న్యాయమే: పైపు వెంట నీరు ఊరితే మట్టిని లోపలినుంచి తినేస్తుంది, వరదలో కట్ట తెగేది అక్కడే. చేనువైపు వాననీరు పోవడానికి తూము కూడా చూసుకోండి. నది పొంగినప్పుడు నీరు వెనక్కి రాకుండా దానికి తలుపు ఉండాలి. తూము లేని కట్ట వెనక పత్తి నది నీటితో కాదు, వాననీటితో కుళ్లుతుంది.

వీటన్నిటికన్నా ముందు విరాసత్, అంటే వారసుల పేరున పట్టా మార్పు, చేయించండి. భూ భారతి భూ రికార్డుల్లో ఇంకా నాన్న పేరే ఉంటే నోటీసు చనిపోయినవారి పేరున వస్తుంది, మీ చేతికి రాకుండానే గడువు దాటిపోతుంది. అమ్మ, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకూ వాటా ఉంది. కట్ట తమ్ముడి భాగంలో ఎక్కువ పోతే నోటి పంపకం అక్కడే బెడిసికొడుతుంది, పరిహారం మీ ఖాతాలో పడకుండా భూసేకరణ వివాదాలు తేల్చే అథారిటీలో డిపాజిట్ అయి కూర్చుంటుంది. అందరూ కూర్చుని పంపకం రాసుకుని రిజిస్టర్ చేసుకోండి.

అవార్డు తక్కువనిపిస్తే డబ్బు తీసుకునేటప్పుడు "నిరసనతో స్వీకరిస్తున్నాను" అని రసీదు మీద మీ చేత్తో రాయండి. ఆ మాట లేకుండా తీసుకున్నవారికి సెక్షన్ 64 కింద పెంపు అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు మీరు అక్కడ ఉంటే ఆ దరఖాస్తుకు గడువు ఆరు వారాలే.