ఇంగ్లిష్ మాట, ఒడియా అర్థం, తెలుగు చెవి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, చదివింది ఒడియా మీడియం. బ్యాంకు పరీక్ష కోసం రోజుకు 30 ఇంగ్లిష్ మాటలకు ఒడియా అర్థాలు రాసుకుని బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం మరిచిపోతున్నాను. గుర్తున్నవేమో వాక్యంలో పెడితే తప్పంటున్నారు.
– డిగ్రీ విద్యార్థిని, గజపతి జిల్లా

జవాబు: ముందు ఆ 30ని 6 చేయండి. కొత్త మాటను మర్నాడు, ఆపైన 3, 7, 15, 30 రోజులకు, అంటే అయిదుసార్లు మళ్లీ చూడాలి. రోజుకు 6 అయితే పాతవి 30, కొత్తవి 6. ఇరవై నిమిషాల పని. రోజుకు 30 అయితే నెల తిరిగేసరికి రోజూ 180 మాటలు మీద పడతాయి. ఎవరివల్లా కాదు, మీ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు.

ఇక అర్థాల సంగతి. సరిహద్దు పిల్లలకు అసలు చిక్కు ఇక్కడే. నావెల్‌కు ఒడియాలో ‘ఉపన్యాస’ అని రాసుకుంటారు. అది సరైనదే, కానీ తెలుగు చెవికి ఉపన్యాసమంటే సభలో మాట్లాడేది. అటెంప్ట్‌కు ‘చేష్టా’, మనకు చేష్టలంటే వెకిలి పనులు. లీజర్‌కు ‘అబసర’, మన అవసరానికీ తీరికకూ పొత్తే లేదు. రెండు భాషలూ ఒకే సంస్కృతం మాటను తెచ్చుకుని వేరు వేరు అర్థాల్లో వాడుకున్నాయి. పరీక్ష హాల్లో తొందరలో ఇంటి అర్థమే ముందు తడుతుంది. ఇలాంటి మాట ఎదురైతే కింద ఎర్రగీత గీసి నవల, ప్రయత్నం, తీరిక అని తెలుగులో రాసుకోండి.

వాక్యంలో తప్పు రావడానికి కారణం ఒంటి అర్థం. ఫ్రూగల్, స్టింజీ రెండూ ‘తక్కువ ఖర్చు పెట్టే’ అనే రాసుకుంటారు. మొదటిది పొదుపరి అన్న మెప్పు, రెండోది పిసినారి అన్న తిట్టు. మిటిగేట్‌కు ‘తగ్గించు’ అని రాసి ధర తగ్గించడానికి వాడితే కుదరదు. అది నష్టం, ముప్పు, తీవ్రత వంటి వాటి పక్కనే నిలుస్తుంది. మహేంద్రతనయ నదికి గట్టు వేస్తే వరద నష్టాన్ని మిటిగేట్ చేసినట్టు. అందుకే ఒక్కో మాటకు ఒక చీటీ చేసుకుని, దాని ముందు వైపు మాట బదులు ఖాళీ వదిలిన వాక్యం, వెనక మాట, అర్థం, పక్కన వచ్చే మాటలు రాయండి. వెనక్కి తిప్పకముందే జవాబు పైకి చెప్పాలి. తప్పితే ఆ చీటీ మళ్లీ మొదటి రోజుకు.

ఎమినెంట్ (ప్రముఖుడు), ఇమినెంట్ (ముంచుకొచ్చేది) లాంటి జంటల్ని ఒకే రోజు నేర్చుకోవద్దు, కలిసిపోతాయి. ఒకటి గట్టిపడ్డాక, వారం ఆగి రెండోది.

ప్రశ్న: లాటిన్ ధాతువులు నేర్చుకుంటే తెలియని మాటల అర్థం పట్టుకోవచ్చా?
– గుణుపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: గుర్తుంచుకోవడానికి బాగా పనికొస్తాయి. బెనె మంచి, మాలె చెడు, వోల్ కోరుకోవడం. అందుకే బెనెవొలెంట్ మేలు కోరేవాడు, మెలెవొలెంట్ కీడు కోరేవాడు. ఊహించడానికి మాత్రం వీటినే నమ్ముకోకండి. ‘ఇన్’ ముందుంటే కాదనే అర్థమని అనుకుంటాం. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. ట్యాంకరు మీద ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటే మంట అంటుకోదని కాదు, ఇట్టే అంటుకుంటుందని.