గ్లైడర్ రెక్కలో సర్వోలు మాటిమాటికీ ఎందుకు పోతున్నాయి?

మూడు మీటర్ల రిమోట్ కంట్రోల్ గ్లైడర్‌లో ఒకే సీజన్‌లో మూడు ఫ్లాప్ సర్వోలు (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకని కదిపే చిన్న మోటార్లు) పోయాయన్నారు. ప్లాస్టిక్ గేర్లు తీసి మెటల్ గేర్లవి పెట్టినా ఆగలేదని, ఇంకా ఎక్కువ టార్క్ (తిప్పే బలం) ఉన్నవి కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ముందు రెక్క తిరగేసి, సర్వో కవర్ విప్పి, ఫ్లాప్ న్యూట్రల్‌లో (పైకీ కిందికీ కాకుండా మధ్యలో) ఉన్నప్పుడు సర్వో ఆర్మ్ (సర్వో షాఫ్ట్‌కి బిగించిన చిన్న చేయి) ఎటు చూస్తోందో చూడండి. ఆర్మ్‌ని ఫ్లాప్‌కి కలిపే పుష్‌రాడ్‌కి సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడి ఉంటే దొంగ దొరికినట్టే.

నాకూ ఇదే జరిగింది. కుడి ఫ్లాప్ సర్వోకే మూడుసార్లు గేర్ పళ్లు ఊడాయి. ఎడమది చెక్కుచెదరలేదు. రెండూ ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి. లోపం సర్వోదే అయితే ఎప్పుడూ కుడివైపే ఎందుకు పోవాలి? ఈ ప్రశ్న తట్టాక రెండు కవర్లూ విప్పి పక్కపక్కన చూశాను. ఎడమ ఆర్మ్ న్యూట్రల్‌లో ట్రెయిలింగ్ ఎడ్జ్ (రెక్క వెనక అంచు) వైపు బాగా వాలి ఉంది. కుడి ఆర్మ్ నిటారుగా ఉంది. మొత్తం తేడా అక్కడే.

ఫ్లాప్ పైకి కదలాల్సింది రెండు మూడు మిల్లీమీటర్లు. కిందికి మాత్రం 70, 80 డిగ్రీలు దిగాలి. ఆర్మ్ నిటారుగా మొదలైతే పైవైపు తిరగాల్సిన సగం ప్రయాణం వృథా. మిగిలిన సగంతోనే ఫ్లాప్‌ని అంత కిందికి దించాలి కాబట్టి పొడుగు ఆర్మ్ పెడతాం. ఫ్లాప్ హార్న్ (రాడ్ తగిలించే, ఫ్లాప్ మీది కొమ్ము) రెండువైపులా 8 మి.మీ.యే, కానీ కుడివైపు ఆర్మ్ 13 మి.మీ., ఎడమవైపు 6 మి.మీ. చిల్లర. ఫ్లాప్ మీద పడే బరువు ఒకటే అయినా, పొడుగు ఆర్మ్ ఉన్న సర్వో దానికి రెట్టింపు మోయాలి.

అసలు దెబ్బ నేలకి తగిలినప్పుడు పడుతుంది. ఎడమవైపు ఫ్లాప్ పూర్తిగా దిగేసరికి ఆర్మ్‌కీ రాడ్‌కీ మధ్య దాదాపు 20 డిగ్రీలే మిగులుతుంది. అప్పుడు రాడ్ లాగే బలంలో ఎక్కువ భాగం నేరుగా షాఫ్ట్ మీదికీ దాని బేరింగ్ మీదికీ పోతుంది. గేర్లను తిప్పే లీవరు ఆర్మ్ పొడవులో మూడో వంతుకి తగ్గిపోతుంది, అంటే రెండు మి.మీ. కుడివైపు అదే క్షణంలో 40 డిగ్రీలు మిగిలి ఉంది, లీవరు ఎనిమిది మి.మీ. పైన. ఒకే దెబ్బ, కుడి గేర్లకి నాలుగు రెట్లు. ఇంత తేడాను మెటల్ గేర్లు కూడా ఎన్నాళ్లు తట్టుకుంటాయి?

అందుకే సరిచేయాల్సింది ఆర్మ్‌ని. పొట్టిది వేసి, స్ప్లైన్ (ఆర్మ్ కూర్చునే పళ్ల షాఫ్ట్) మీద పళ్లు జరిపి, న్యూట్రల్‌లో ఫ్లాప్ పైకి వెళ్లే వైపు వాల్చి పెట్టండి. 25 పళ్ల స్ప్లైన్ అయితే ఒక్క పన్ను జరిపితే 14.4 డిగ్రీలు మారుతుంది. మిగిలిన కాస్త తేడాకి మాత్రమే సబ్‌ట్రిమ్ (ట్రాన్స్‌మిటర్‌లో మధ్య స్థానాన్ని సవరించే సెట్టింగ్) వాడండి. పొడుగు ఆర్మ్ అలాగే ఉంచి ట్రాన్స్‌మిటర్‌లో ప్రయాణాన్ని 60 శాతానికి కోసేయడం చాలామంది చేస్తారు, కానీ దానివల్ల గేర్ల మీద బరువు ఏమాత్రం తగ్గదు. పైగా కదలికలో సన్నదనం పోతుంది. సర్వో తిరగగలిగినంతా తిరగాలి, ఫ్లాప్ కావలసినంతే కదలాలి. ఒక్క జాగ్రత్త: ఆర్మ్, రాడ్ పూర్తిగా ఒకే గీతలోకి వచ్చి దాటిపోకూడదు. దాటితే ఫ్లాప్ కిందే ఇరుక్కుపోతుంది. ఆ 20 డిగ్రీలు వదిలేయండి.

ఇప్పుడు ల్యాండింగ్. క్రో బ్రేకులు (ఫ్లాప్‌లు కిందికి, రెక్క చివర్లలోని ఎయిలరాన్లు పైకి) పూర్తిగా వేసి అలాగే నేలకి తాకిస్తే గ్లైడర్ బరువంతా ముందు ఫ్లాప్ అంచుల మీదే పడుతుంది. నేను మోకాలి ఎత్తుకి రాగానే బ్రేక్ స్టిక్ వదిలేస్తాను, గ్లైడర్ పొట్ట మీద కూర్చుంటుంది. పూర్తి ప్రయాణానికి సర్వోకి పావు సెకను నుంచి అర సెకను దాకా పడుతుంది కాబట్టి గడ్డి తాకాక వదిలితే లాభం లేదు. ఫ్లాప్ నెమ్మదిగా దిగడానికి ట్రాన్స్‌మిటర్‌లో డిలే పెట్టుకుంటే, పైకి వచ్చేటప్పుడు ఆ డిలే లేకుండా చూసుకోండి. నా గ్లైడర్‌లో అది దిగేటప్పుడూ పైకి వచ్చేటప్పుడూ రెండింటికీ పెట్టి ఉంది. నేను సకాలంలోనే స్టిక్ వదులుతున్నా ఫ్లాప్ మాత్రం ఇంకా కిందే ఉండేది. దాన్ని కనిపెట్టడానికి చాలా రోజులు పట్టింది.

దిగాక ఫ్లాప్ కిందే ఉండగా పవర్ తీసేయకండి. రెక్కను సంచిలోకి తోసినప్పుడు ఫ్లాప్ వెనక్కి నెట్టబడుతుంది, ఒక పన్ను బీటలు వారుతుంది, తర్వాతి ఫ్లయిట్‌లో ఊడుతుంది. గాల్లో పోయాయనుకునే గేర్లు చాలావరకు ఇలా నేల మీదే దెబ్బతిని ఉంటాయని నా నమ్మకం.

ఎయిలరాన్ల సంగతి వేరు. అక్కడ శత్రువు ప్లే, అంటే కీళ్లలోని వదులు. ఎయిలరాన్ అంచుని వేలితో పైకీ కిందికీ మెల్లగా ఆడించి చూడండి. అంచు దగ్గర ఒక మిల్లీమీటరుకి మించి వదులుగా కదిలితే ఎగరేయకండి. డైవ్‌లో వేగం పెరిగేకొద్దీ ఆ వదులు నుంచే ఫ్లట్టర్ (ఎయిలరాన్ అదుపు తప్పి వేగంగా కొట్టుకోవడం) పుడుతుంది. బుర్రుమని ఒక శబ్దం వస్తుంది, అది వింటే గుండె ఆగినంత పనవుతుంది. నాకు వినిపించింది రెండు సెకన్లే. వెంటనే ఎలివేటర్ లాగి వేగం తగ్గించాను, గ్లైడర్ క్షేమంగా దిగింది. సర్వో విప్పితే గేర్లు అరిగి, పొటెన్షియోమీటర్ (సర్వో స్థానాన్ని కొలిచే భాగం) న్యూట్రల్ దగ్గర గీసుకుపోయి ఉంది. దానికి మూలం చూస్తే హార్న్‌లో 2 మి.మీ. రంధ్రం, రాడ్ చివరి క్లెవిస్ పిన్ 1.6 మి.మీ. అంతకుమించి ఏమీ లేదు. పిన్ ఎంత లావో రంధ్రం అంతే ఉండాలి. రంధ్రం కోలగా సాగి ఉంటే హార్న్ మార్చేయండి, జిగురుతో పూడ్చి మళ్లీ తవ్వకండి.

వదులు ఉండగలిగే ఇంకో చోటు సర్వో కూర్చున్న చోటే. రెక్క పల్చటి స్కిన్‌కి (పై పొరకి) నేరుగా అంటిస్తే లోడ్ పడినప్పుడు స్కినే వంగుతుంది. కింద పల్చటి ప్లైవుడ్ గానీ కార్బన్ ముక్క గానీ వేసి, దాని మీద ఫ్రేమ్ అంటించి, సర్వోని ఫ్రేమ్‌లో స్క్రూలతో బిగించండి. ఆర్మ్‌కి రెండో వైపు కూడా బేరింగ్ ఆధారం ఇచ్చే ఫ్రేములు దొరుకుతాయి. ఫ్లాప్‌లకి అవే వాడండి, ఇందాక చెప్పిన షాఫ్ట్ మీది బరువుని మోసేది ఆ బేరింగే.

కొన్నిసార్లు సర్వో బాగానే ఉండి తీగ పోతుంది. నా ఎయిలరాన్ ఒకటి ఒక నిమిషం పనిచేసి ఒక నిమిషం ఆగేది. సర్వో మార్చినా తగ్గలేదు. చివరికి రెక్క మూలంలో ఉన్న ఆరు పిన్నుల కనెక్టర్‌లో టంకం పగిలి ఉన్నట్టు తేలింది. రెక్కలు ఊడదీసేటప్పుడు తీగ పట్టుకు లాగితే జరిగేది ఇదే. ప్లగ్గునే పట్టుకోండి, ప్రతి టంకం మీదా హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేయండి, తీగకి కాస్త వదులు ఇచ్చి రెక్క లోపల ఒకచోట అంటించండి.

వోల్టేజీ గురించి ఒక్క మాట. రెండు సెల్స్ లైపో పూర్తి చార్జ్‌లో 8.4 వోల్టులు. మీ సర్వో మీద 6 వోల్టుల పరిమితి రాసి ఉంటే నేరుగా తగిలించకూడదు, మధ్యలో రెగ్యులేటర్ ఉండాలి.

చివరగా, బ్యాటరీకీ రిసీవర్‌కీ మధ్య ఒక కరెంటు మీటర్ పెట్టి చూడండి. ఆరు సర్వోల నా గ్లైడర్ న్యూట్రల్‌లో దాదాపు 200 మిల్లీఆంపియర్లు లాగేది. పూర్తి క్రోలో స్థిరంగా ఉంచితే 900 చూపించింది. ఒక్కో సర్వో తీసి చూస్తే, కుడి ఎయిలరాన్ హింజ్ దగ్గర స్కిన్‌కి తగిలి ఆగిపోయినా సర్వో ఇంకా నెడుతూనే ఉందని తెలిసింది. ఎండ్‌పాయింట్ (సర్వో ప్రయాణపు హద్దు) రెండు శాతం తగ్గించగానే 250కి దిగింది. ఆ సర్వో ప్రతి ల్యాండింగ్‌లోనూ నిశ్శబ్దంగా కాలుతోందన్నమాట. ఈ పరీక్షకి పది నిమిషాలు చాలు.

కవర్లు విప్పాక రెండువైపులా ఆర్మ్ పొడవు, హార్న్ పొడవు, న్యూట్రల్‌లోనూ పూర్తి ఫ్లాప్‌లోనూ ఆర్మ్ కోణం కొలిచి చెప్పండి. మీ ఫ్లాప్‌కి ఎంత ఆర్మ్ సరిపోతుందో లెక్క కట్టి చెబుతాను.