మెడికల్ షాపులోనే బీపీ, షుగర్ పరీక్షలు, టీకాలు మొదలుపెడితే ఫార్మసిస్టులు ఆ భారం మోయగలరా?

మా చదువుకు అది మించిన పని కాదు, లేనిదల్లా తీరిక. దేవరకొండలో ఏళ్ల తరబడి కౌంటరు వెనక నిలబడ్డవాడిగా ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఒక సాయంత్రం, పల్లెలకు వెళ్లే బస్సుల వేళ, మర్రిగూడ వైపు పెద్దమ్మ ఒకామె కొంగుముడి విప్పి రెండు ఖాళీ గోలీల షీట్లు తీసి, "గివే ఇయ్యి బిడ్డా" అన్నది. ఒకటి డైక్లోఫెనాక్, రెండోది అసెక్లోఫెనాక్. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినది ఒకటి, హైదరాబాదులో డాక్టరు రాసినది ఇంకొకటి. పేర్లు వేరైనా రెండూ ఒకే జాతి నొప్పి గోలీలు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసిన ఆ ప్రాంతపు పెద్దలకు ఇవి లేనిదే పొద్దు గడవదు. బీపీ గోలీ కూడా వేసుకుంటున్నదని నేను గుచ్చి అడిగితే గాని చెప్పలేదు. ఆ రెండు నొప్పి గోలీలూ కలిపి వాడితే కడుపులో పుండ్లు పడతాయనీ, కిడ్నీలు దెబ్బతింటాయనీ, బీపీ అదుపు తప్పుతుందనీ వివరించి, డాక్టరుకు చూపించమని కవరు మీద రాసి ఇచ్చేలోగా, వెనక నుంచి "జల్ది ఇయ్యే అన్నా, బస్సు పోతది" అని కేకలు. ఆ మాటలకు బిల్లు లేదు కాబట్టి మా సేటు ముఖం కూడా చిట్లింది.

ఇంగ్లండులో 2024 జనవరి 31 నుంచి 'ఫార్మసీ ఫస్ట్' కింద గొంతునొప్పి, చెవిపోటు వంటి ఏడు చిన్న జబ్బులను ఫార్మసిస్టే చూస్తున్నాడు. అక్కడ అందుకు విడిగా గది ఉండాలి, చూసిన ప్రతి మనిషికీ ప్రభుత్వం రుసుము కడుతుంది. ఇక్కడ మాత్రం మందు ఇచ్చేదీ, షెడ్యూల్ హెచ్1 (డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడని కొన్ని మందుల జాబితా) రిజిస్టరులో రోగి పేరూ డాక్టరు పేరూ రాసేదీ, గడువు తీరిన సరుకు ఏరేదీ ఒక్కడే. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు చేతి మీదుగానే పోవాలి. కానీ సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ మనిషి మాత్రం కనిపించని దుకాణాలు ఎన్ని లేవు! అద్దె సర్టిఫికెట్లతో నడిచే చోట టీకా ఎవరు వేస్తారో అడిగినవారే చెప్పాలి.

నన్ను అడిగితే ముందు షాపుకు రెండో ఫార్మసిస్టు, ఒక కుర్చీ, సలహాకు రుసుము ఉండాలి; వాటితో బీపీ, షుగర్ పరీక్షలు రేపే మొదలుపెట్టవచ్చు. టీకాలు ఆ తర్వాతి మాట: వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, మా ఫ్రిజ్‌లో ఇన్సులిన్‌కే చోటు చాలడం లేదు.