పప్పుగుత్తి తలకి ఆ గాట్లు ఎందుకు?

అందం కోసం చెక్కినవి కావు. తల నున్నగా ఉంటే ఉడికిన కందిపప్పు దాని కింద నిలవదు, పక్కలకి జారిపోతుంది. గాట్లుంటే బద్దలు ఆ సందుల్లో చిక్కుకుని గిన్నె అడుగున నలుగుతాయి, మెదిగిన పప్పు అదే సందుల్లోంచి పైకొస్తుంది. గుత్తి వంకాయని తొడిమ ఉంచి నాలుగు పక్షాలుగా కోస్తాం చూడండి, అచ్చం అలా ఉంటుంది.

కర్రతోనే ఎందుకంటే, మట్టికుండకీ రాచ్చిప్పకీ (రాతి గిన్నెకీ) ఇనుప దెబ్బ ప్రమాదం. కాడ కూడా చేతికి కాలదు.

కవ్వంలా తిప్పకండి, నొక్కి ఎనపాలి. ముందు కట్టు, అంటే పప్పు ఉడికిన నీళ్లు, వంచేసి, ఉప్పేసి ఎనిపి, తర్వాత ఆ కట్టే తిరిగి పోయండి. నీళ్లలో పప్పు నలగదు. మిక్సీలో వేస్తే పేస్టయిపోతుంది. గుత్తితో అయితే అక్కడక్కడా ఓ బద్ద పంటికి తగులుతుంది, ముద్దపప్పు రుచంతా నాకు అందులోనే ఉంది.