కాల్షియం టాబ్లెట్లు మింగితే పుచ్చు పూడదండి, మాది నల్గొండ సైడు, నా అనుభవం చెప్తా

టాబ్లెట్లు వేసుకుంటే పిప్పి పన్ను దానంతటదే బాగవుతుందా, ఫ్లోరైడ్ లేని పేస్టు వాడమంటారా అని అడిగారు కదా. మొదటిదానికి నా జవాబు, బాగవ్వదు అనే. ఎముక విరిగితే అతుక్కుంటది, పన్ను అట్ల కాదు, పైన ఉండే ఎనామెల్‌లో రక్తనాళాలు గిట్ల ఏముండవు, మీరు మింగిన కాల్షియం అక్కడికి చేరే దారే లేదు. దవడ ఎముకకి పనికొస్తది, అది వేరే సంగతి. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే తిండిలోని కాల్షియం, ఫాస్ఫరస్ దానికి అక్కరకొస్తాయి, జ్ఞానదంతాలు వదిలేస్తే ఆ పని దాదాపు ఎనిమిదేళ్ళలోపే అయిపోతది.

సరిగ్గా ఆ వయసులోనే మేం మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ (నీళ్ళలో కలిసుండే ఒక ఖనిజం) ఎక్కువున్న బోరు నీళ్ళు తాగినం. క్లాసులో అందరివీ గార పళ్ళే, పాల పళ్ళు ఊడినంక వచ్చేవి గోధుమరంగు చారలతోనే వస్తాయేమో అనుకునేటోణ్ణి, హైదరాబాద్ హాస్టల్లో ఒకడు "నువ్వు బ్రష్ చెయ్యవారా" అన్నదాకా అది రోగమని తెల్వదు. ఎంత తోమినా పోదు, ఎందుకంటే మరక పైన లేదు, పన్ను కట్టుబడిలోనే ఉంది. తమాషా ఏంటంటే నాకు ఇప్పటికీ ఒక్క పిప్పి పన్ను లేదు.

ఆ భయంతోనే మా పాపకి వెతికి వెతికి ఫ్లోరైడ్ లేని పేస్టు కొన్నా. ఐదేళ్ళకి రెండు దవడ పళ్ళు పుచ్చినయి, రాత్రి ఏడుపు, ఒకదానికి రూట్ కెనాల్ లాంటిది, ఇంకోదానికి ఫిల్లింగ్. డెంటిస్టు మేడం నా పళ్ళు చూసి నవ్వి చెప్పింది, మీరు పన్ను తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ నీళ్ళు లీటర్లకి లీటర్లు మింగారు, పేస్టు పన్ను పైన తగిలి ఉమ్మేసేది, రెండూ ఒకటి కాదని. తిన్న ప్రతిసారీ నోట్లో బ్యాక్టీరియా తిండిలోని తీపిని ఆమ్లం చేస్తది, పీహెచ్ (ఆమ్లం కొలత, ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందికి పోతే ఎనామెల్‌లోంచి కాల్షియం కరుగుతది, తర్వాత లాలాజలం మెల్లగా మళ్ళీ పెడుతది, ఫ్లోరైడ్ ఉంటే ఆ పెట్టింది గట్టిగా నిలబడుతది. పుచ్చు ఇంకా తెల్లమచ్చ లెక్కున్నప్పుడే ఇట్ల వెనక్కి మళ్ళుతది, గుంత పడితే ఫిల్లింగే గతి. మా పాప సంగతి చూస్తే పేస్టు సగమే కారణం, గంటకో బిస్కెట్ ఇచ్చింది మేమే, లాలాజలానికి టైమే దొరకలేదు.

ఇప్పుడు బఠాణీ గింజంత మామూలు ఫ్లోరైడ్ పేస్టు వేసి నేనే తోముతా (మూడేళ్ళలోపైతే బియ్యపు గింజంత చాలన్నారు), పొద్దున తైద (రాగి) జావ, పెరుగన్నం, నువ్వుల పొడి. మింగకుండా చూసుకుంటా.

ఇంకోటి, మీ ఇంట్లో తాగేది బోరు నీళ్ళైతే పేస్టు సంగతి పక్కనపెట్టి ముందు ఆ నీళ్ళు టెస్ట్ చేయించండి. లీటరుకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ లోపుంటే ఫికర్ లేదు, 1.5 దాటితే చిన్నపిల్లలకి తాగించొద్దు. కాచి చల్లారిస్తే పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతది, మా అమ్మ ఏళ్ళ తరబడి చేసింది అదే.