గోల్ఫ్ టవళ్లు వందల్లో కొనేముందు లాండ్రీ బాబాయిని అడగండి

మీ ప్రశ్న చూశానండి. బెంజి సర్కిల్ దగ్గర మీ హోటల్, దానికి తోడు మీ బావగారి క్లబ్బు, రెండింటికీ కలిపి 500 గోల్ఫ్ టవళ్లు కావాలన్నారు. మైక్రోఫైబరా కాటనా, ఎంత జీఎస్ఎం (అంటే గుడ్డ బరువు) ఉండాలి, ఎక్కడ కొనాలి అని అడిగారు.

ముందే చెప్పేస్తాను, నాకు గోల్ఫ్ ఆడటం రాదు. కొట్టిన బంతి ఎటు పోయిందో కూడా కనిపెట్టలేను. కానీ విజయవాడలో ఒక హోటల్లో పదకొండేళ్లు హౌస్‌కీపింగూ స్టోర్సూ చూశాను. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ హోటళ్లకి దుప్పట్లు, టవళ్లు సప్లై చేస్తున్నాను. ఈ గోల్ఫ్ టవళ్ల దగ్గర ఒకసారి గట్టిగానే చేతులు కాల్చుకున్నాను. ఆ కథే ముందు చెబుతాను, మీరడిగిన వాటిలో సగానికి జవాబు అందులోనే ఉంది.

ఒక కంపెనీ వాళ్లు ఏటా మా హోటల్లో మీటింగ్ పెట్టుకునేవాళ్లు. ఒక ఏడాది, మీటింగ్ అయ్యాక విశాఖ వెళ్లి ముడసర్లోవ దగ్గర గోల్ఫ్ ఆడతాం, అందరి బ్యాగుల్లోనూ హోటల్ పేరున్న టవల్ ఉండాలి అన్నారు. మా జీఎం గారికి ఆలోచన నచ్చింది. ఎలాగూ తర్వాత పనికొస్తాయి కదా అని 300 తెప్పించమన్నారు. శాంపిల్ వచ్చింది. తెల్లగా, వెన్నలా ఉంది. ఒక మూల బొద్దుగా ఎంబ్రాయిడరీ, పైన మెరిసే రింగు, దానికో కొక్కెం. చేత్తో తడిమి, బుగ్గకి ఆనించుకుని ఓకే అనేశాం. బుగ్గకి ఆనించుకున్నది నేనే.

సరుకు వచ్చింది, వాళ్లు పట్టుకెళ్లారు, వాడినవన్నీ మళ్లీ మా లాండ్రీకే చేరాయి. ఆగస్టు నెల. బురద, గడ్డి పసరు. రాత్రి తడిగానే గుట్టగా పడేశారు. పొద్దున చూస్తే ప్రతి టవల్ మీదా రింగు చుట్టూ ఇటుకరంగు వలయం! ఆ రింగులు ఇనుపవి, పైన పూత మాత్రమే ఇత్తడి రంగు. లాండ్రీ కుర్రాడు భయపడిపోయి బ్లీచింగ్ వేశాడు. తుప్పు మరకకి బ్లీచింగ్ వేస్తే పోకపోగా ఇంకా పట్టేస్తుంది. ఆ సంగతి వాడికీ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. చివరికి మా లాండ్రీ చూసే బాబాయి ఆక్సాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి కొన్నిటిని బాగుచేశాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే మరక. రింగు అక్కడే ఉంది మరి.

అప్పుడాయన నాతో అన్నాడు: "కొనేటప్పుడు నన్నొక్కసారి పిలిస్తే ఏం పోయేది బాబూ? మీరు తడిమేది ఒక్క పూట. నేను ఉతికేది రెండేళ్లు."

అప్పట్నుంచి ఏ శాంపిల్ వచ్చినా ముందు లాండ్రీకి వెళ్లాలి, తర్వాతే నా టేబుల్ మీదికి. మీకూ అదే చెబుతాను. కనీసం ఐదు ఉతుకులు అయ్యేదాకా ఆర్డర్ ఖాయం చేయకండి.

ఇక టవల్ సంగతి. ఆటగాళ్లు దాన్ని ఎలా వాడతారో తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది. గోల్ఫ్ కర్రకి బంతి తగిలే మొహం మీద సన్నటి గాడులుంటాయి. వాటిలో మట్టి, గడ్డి ఇరుక్కుంటే బంతి అనుకున్నట్టు తిరగదు. అందుకని కొట్టిన ప్రతిసారీ తుడుస్తారు. గ్రీన్ మీదికి, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదికి వచ్చాక, బంతి ఉన్నచోట గుర్తు పెట్టి బంతిని పైకి తీసి తుడుచుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. చాలామంది టవల్‌ని సగం తడిపి, సగం పొడిగా ఉంచుకుంటారు. తడిపిన వైపుతో మట్టి తుడిచి, పొడి వైపుతో ఒత్తేస్తారు. వీటికి తోడు చెమట. మన మే నెల సంగతి మీకు చెప్పాలా? పట్టు జారకుండా పిడి తుడవాలి, చేతులు తుడవాలి, మొహం తుడవాలి. ఇన్ని పనులు ఒకే గుడ్డ చేయాలనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. నా మాట వినండి, 500 ఒకే రకం కొనకండి.

క్లబ్బుకి మైక్రోఫైబర్ తీసుకోండి, అదీ వాఫుల్ నేతలో. తేనెపట్టులా చిన్న చిన్న గళ్లుంటాయి చూశారా, అది. మట్టి ఆ గళ్లలోకి పోతుంది, దులిపితే రాలిపోతుంది, తొందరగా ఆరుతుంది. మంచి మైక్రోఫైబర్‌లో సాధారణంగా పాలిస్టర్ 80 శాతం, పాలిఅమైడ్ (అంటే నైలాన్) 20 శాతం ఉంటుంది. చవకగా ఇచ్చేవాళ్ల సరుకు చాలాసార్లు మొత్తం పాలిస్టరే. చూడటానికి అదే గుడ్డ, నీళ్లు మాత్రం తాగదు. టవల్‌ని బల్లమీద పరిచి చెంచాడు నీళ్లు పోయండి. వెంటనే ఇంకిపోతే సరే. ముత్యాల్లా నిలబడితే ఆ లాట్ వదిలేయండి. మనలో మాట, ఆటోనగర్‌లో కార్లు తుడిచే గుడ్డలు అమ్మే షాపుకి ఒకసారి వెళ్లి చూడండి. గోల్ఫ్ అన్న పేరు తగిలించి మీకు ఎక్కువ రేటుకి చూపించేది ఒక్కోసారి అదే గుడ్డ.

హోటల్ గదుల్లోంచి ఆటకి వెళ్లే అతిథులకి మాత్రం కాటనే ఇవ్వండి. మన దగ్గర మొహానికి నూలు గుడ్డ తగలందే తుడుచుకున్నట్టు ఉండదు. నాన్నల కాలంలో భుజం మీద తుండుగుడ్డ లేకుండా ఎవరైనా ఇంట్లోంచి బయటికి వెళ్లారా? కాటన్‌లో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి మామూలు టెర్రీ, రెండు వైపులా పోగుల ఉంగరాలు. రెండోది వెలూర్, ఒక వైపు ఆ ఉంగరాల తలలు కత్తిరించి మఖ్మల్‌లా చేస్తారు. టెర్రీ నీళ్లు బాగా తాగుతుంది, కానీ గోల్ఫ్ గ్లవ్‌కి వెల్క్రో ఉంటుంది కదా, అది తగిలి పోగులు లాక్కొస్తుంది. నెల తిరిగేసరికి టవల్ నిండా తోకలే. వెలూర్‌కి ఆ బాధ తక్కువ, పేరు ప్రింటు చేసినా అందంగా కూర్చుంటుంది. నున్నటి వైపు నీళ్లు తక్కువ పీల్చినా, వెనక వైపు టెర్రీయే కాబట్టి ఇబ్బంది లేదు.

కాటన్ అని చెప్పి కలిపి నేసినది అంటగడుతున్నారేమోనని అనుమానం వస్తే, అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదై పొడి అయిపోతుంది. పాలిస్టరైతే ముడుచుకుని, చివర గట్టి పూసలా మిగులుతుంది. షాపువాడి ముందే చేయండి, ఏమీ అనుకోడు.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో. లేబుల్ మీద ఏం రాశారో నమ్మనక్కర్లేదు, వంటింటి కాటా చాలు. గోల్ఫ్ టవల్ మామూలు సైజు 40 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు. అంటే 0.24 చదరపు మీటరు. 400 జీఎస్ఎం అన్నారంటే ఒక్కోటి 96 గ్రాములు తూగాలి. పది కలిపి తూచండి, కిలోకి కాస్త తక్కువ రావాలి. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. కొత్త టవల్‌లో గంజి, పైపూత బరువు కూడా కలిసే ఉంటుంది. కొన్నిచోట్ల రేటు కిలోల లెక్కన చెబుతారు కాబట్టి ఆ గంజికి కూడా మీరే డబ్బులు కట్టినట్టు. అందుకని ఒక ఉతుకు అయ్యాక ఆరబెట్టి మళ్లీ తూచండి, పొడవు వెడల్పులు కూడా మళ్లీ కొలవండి. మొదటి ఉతుకుల్లో కాటన్ కాస్త కురచవుతుంది, అది మామూలే. బాగా తగ్గిందంటే నేత వదులుగా ఉందన్నమాట.

కాటన్‌కి 400 నుంచి 450 చాలు. 600 చూపించి ఊరిస్తారు, అది స్నానాల టవల్‌కి సరిపోతుంది. బ్యాగుకి వేలాడదీస్తే తడిసి బరువెక్కి రోజంతా ఆరదు, సాయంత్రానికి ముక్కిన వాసన వస్తుంది. వాఫుల్ మైక్రోఫైబర్ అయితే 300, 350 మధ్య చూడండి.

రంగు గురించి ఎక్కువ ఆలోచించకండి. తెలుపు వద్దు. ముదురు నీలం, సీసా ఆకుపచ్చ, బూడిదరంగు, ఇంతే. కాటన్ ముదురు రంగైతే తెల్ల చేతిరుమాలు తడిపి దానిమీద గట్టిగా రుద్దండి, ఎంత దిగుతుందో అక్కడే తెలుస్తుంది. మీ లాండ్రీలో క్లోరిన్ బ్లీచింగ్ వాడే అలవాటుంటే, వ్యాట్ రంగు (బ్లీచింగ్‌కి తట్టుకునే రకం రంగు, పన్ను కాదు) వేసిన సరుకే అడగండి, మామూలు రంగులు బ్లీచింగ్‌కి ఆగవు.

రింగు గురించి నా గోడు విన్నారు కదా. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. రింగు దానికి అంటుకుందంటే ఆ సరుకు వద్దు. ఇత్తడి అంటుకోదు. ముక్కకి నాలుగు రూపాయలు మిగులుతుందని నేను ఇనుప రింగుకి ఒప్పుకున్నాను, అది నా వెధవ తెలివి. అసలు నన్నడిగితే రింగు లేకుండా, మూల మీద గుడ్డ కొలికి ఒకటి కుట్టించేసి, కొక్కెం విడిగా ఇవ్వడం మేలు. ఉతికేటప్పుడు తీసేయొచ్చు. ఆటగాళ్ల బ్యాగులు మోసే కుర్రాళ్ల కోసం అయితే టవల్ కాస్త పెద్దది తీసుకుని మధ్యలో చీలిక పెట్టించండి, కర్ర తలకి తొడిగేసి వేలాడదీస్తారు.

పేరు వేయించడంలో మా పొరపాటు ఇంకోటి ఉంది. అరచేయంత ఎంబ్రాయిడరీ వేయించాం. వెనక కాగితం అంటించి కుడతారు కాబట్టి ఆ ముక్క మొత్తం అట్టలా బిగుసుకుపోయింది, నీళ్లు తాగదు, కర్ర మీద గీసుకుంటుంది. రెండంగుళాలు చాలు, అదీ మూలన. కుట్లు లెక్కబెట్టి రేటు వేస్తారు కాబట్టి చిన్నదైతే మీకూ ఆదా. మైక్రోఫైబర్ మీద సబ్లిమేషన్ ప్రింటు, అంటే వేడితో రంగుని పోగుల్లోకి ఎక్కించేది, చక్కగా పడుతుంది. కాటన్ మీద ఆ ప్రింటు నిలవదు, ఎవరైనా వేస్తామంటే నమ్మకండి.

ఉతకడం గురించి మీ లాండ్రీవాళ్లకి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. మైక్రోఫైబర్‌ని కాటన్‌తో కలిపి మెషిన్లో వేయకూడదు, నూలు దూది అంతా పట్టుకుంటుంది. మెత్తగా రావాలని పోసే సాఫ్ట్‌నర్ దానికి విషం లాంటిది, పీల్చే గుణం పోతుంది. ఎక్కువ వేడి డ్రయ్యర్ కూడా వద్దు. మీకు బోరు నీళ్లేనా? మా హోటల్లో బోరే. ఉప్పు నీళ్లలో సబ్బు నురగ రాదు, ఇంకాస్త పొడి వేస్తారు, అది పోగుల్లో ఉండిపోయి టవల్ అప్పడంలా తయారవుతుంది. నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నింగ్ ప్లాంటు పెట్టించాక మా టవళ్ల వయసు కళ్లముందే పెరిగింది. ప్లాంటు లేకపోతే పొడి తగ్గించి, ఒక జాలాడింపు ఎక్కువ చేయించండి.

ఎక్కడ కొనాలి అంటే, చూడటానికి వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్. ఒక పూట తిరిగితే గుడ్డ మీద చూపు కుదురుతుంది. ఆర్డర్ మాత్రం నేనైతే నేరుగా నేసేవాళ్లకే పెడతాను. కాటన్ టెర్రీ అంటే షోలాపూర్, అక్కడి టెర్రీ టవల్‌కి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. లేదంటే తమిళనాడులో కరూర్, ఈరోడ్. పత్తి మన గుంటూరు చుట్టుపక్కల పండుతుంది, గణపవరం వైపు స్పిన్నింగ్ మిల్లులున్నాయి, టవల్ మాత్రం లారీ ఎక్కి షోలాపూర్ నుంచి రావాలి. ఎప్పుడు బిల్లు చూసినా నాకిదే బాధ. బిల్లు అంటే గుర్తొచ్చింది, అడ్వాన్స్ మూడో వంతు మించి ఇవ్వకండి. మీరు ఓకే చేసిన శాంపిల్ మీద సంతకం పెట్టి, ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి.

లెక్క: తిరిగి తీసుకునే టవళ్లయితే రోజు వాడకానికి మూడు రెట్లు ఉండాలి. ఒకటి ఆటలో, ఒకటి లాండ్రీలో, ఒకటి అలమారలో. అతిథులకి ఇచ్చేసేవైతే ఆ లెక్క అక్కర్లేదు. కానీ ఇచ్చేస్తున్నారో తిరిగి తీసుకుంటున్నారో మీ బావగారి కమిటీని ముందే తేల్చమనండి, ఈ మాట తేలక గొడవపడ్డ క్లబ్బు ఒకటి నాకు తెలుసు. మీ 500లో 350 వాఫుల్, 150 కాటన్ వెలూర్ అయితే బాగుంటుందని నా ఉద్దేశం.

సరుకు దిగిన రోజు పై కట్ట విప్పి చూసి సంతకం పెట్టేయకండి. మధ్య కట్ట లాగి, అందులోంచి పది తీసి తూచండి, అయస్కాంతం పెట్టండి, చెంచాడు నీళ్లు పోయండి. అప్పుడు పక్కన మీ లాండ్రీ మనిషిని నిలబెట్టుకోండి.

మా పాత తెల్లటవళ్లు ఏమయ్యాయంటారా? బాబాయి రింగులున్న మూలలన్నీ కత్తెరతో కత్తిరించి, టవళ్లు పార్కింగ్‌లో డ్రైవర్లకి పంచేశాడు. కార్ల అద్దాలు తుడవడానికి భలే ఉన్నాయని వాళ్లు ఇంకో యాభై అడిగారు.